నోటీసు సరిగా ఇవ్వకుండా మానేస్తే గ్రాట్యుటీ, పీఎఫ్, సర్టిఫికెట్లు అన్నీ ఆపేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. జీడిమెట్లలో ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో 6 ఏళ్ళ 8 నెలలు మెషిన్ ఆపరేటర్‌గా చేశారు, అపాయింట్‌మెంట్ లెటర్‌లో నెల నోటీసు అని ఉంది, మీరు వారం మాత్రమే ఇచ్చి పోయిన నెల మానేశారు. ఇప్పుడు ఓనర్ "నోటీసు ఎగ్గొట్టావు కాబట్టి గ్రాట్యుటీ లేదు, పీఎఫ్ క్లియర్ చెయ్యను, ఐటీఐ ఒరిజినల్స్ ఇవ్వను, కావాలంటే ఓనర్ నాకు ఇంకేమీ బాకీ లేడని రాసిచ్చి చివరి 20 రోజుల జీతం పట్టుకుపో" అంటున్నాడు.

సూటిగా చెప్పాలంటే: గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి చేసిన సర్వీసుకి మానేసేటప్పుడు యజమాని కట్టాల్సిన మొత్తం, మీకు వచ్చి తీరాలి, పీఎఫ్ మీ సొమ్ము, సర్టిఫికెట్లు ఆపే హక్కు ఆయనకి లేదు. కాకపోతే తక్కువైన 23 రోజుల నోటీసు డబ్బులు అడిగే హక్కు మాత్రం ఆయనకి ఉండొచ్చు. ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి.

నేను ఇప్పుడు లేబర్ కేసులే చూస్తాను, అంతకుముందు చాలా ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో కూర్చుని ఇవే కాగితాలు ఓనర్ వైపు నుంచి తయారుచేశాను, కాబట్టి ఆ మాటలు ఎక్కడినుంచి వస్తాయో తెలుసు. ఇందులో ఉన్న కిటుకు ఒక్కటే, నాలుగు వేరు వేరు లెక్కల్ని ఒకే ముడి వేసి మీ ముందు పెడతారు. నోటీసు అనేది మీకూ ఆయనకీ మధ్య ఒప్పందం. గ్రాట్యుటీ చట్టం ఇచ్చింది. పీఎఫ్ ఆయన చేతిలోనే లేదు, కేంద్ర ప్రభుత్వ పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ దగ్గరుంది. సర్టిఫికెట్లు మీ వస్తువు. దేని తలుపు దానిది, దేని ఆఫీసు దానిది. ఈ ముడి విప్పితే సగం భయం పోతుంది, అందుకే ఒక్కోటీ విడిగా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు గ్రాట్యుటీ, ఎక్కువ డబ్బు ఇక్కడే ఉంది కాబట్టి. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, ఐదేళ్ళు ఆగకుండా సర్వీసు చేసినవాళ్ళకి, రిజైన్ చేసినా సరే, గ్రాట్యుటీ ఇవ్వాలి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం నుంచీ ఇదే రూలు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇదే. లెక్క: చివరి నెల వేతనం × 15 ÷ 26 × సర్వీసు ఏళ్ళు. ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే దాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి, అంటే మీ 6 ఏళ్ళ 8 నెలలు లెక్కలో 7 ఏళ్ళు. చాలామంది అకౌంటెంట్లు 26 బదులు 30తో భాగించి, 6 ఏళ్ళే వేసి చేతిలో పెడతారు, అది తప్పు.

మీరు గ్రాస్ (కోతలకి ముందు మొత్తం జీతం) 30,000, బేసిక్ (అందులో మూల వేతనం) 13,000 అని రాశారు. బేసిక్ మీద చూస్తే 13,000 × 15 ÷ 26 × 7 = 52,500 రూపాయలు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, అది మీకు లాభం. కొత్త కోడ్‌ల ప్రకారం హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ లాంటి అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. అంటే 30,000లో వేతనం కనీసం 15,000 అవ్వాలి. దానిమీద లెక్కేస్తే దాదాపు 60,577 వస్తుంది. మీరు మానేసింది కోడ్ అమల్లోకి వచ్చిన తేదీ తర్వాతే కాబట్టి ఈ పెద్ద అంకెనే రాసి అడగండి. ఆయన పాత లెక్క తెస్తాడు, తేనివ్వండి, తేల్చేది లేబర్ ఆఫీసరు. మీరే తగ్గించి అడిగితే పెంచి ఇచ్చేవాడు ఉండడు.

నోటీసు ఇవ్వలేదని గ్రాట్యుటీ ఆపొచ్చని చట్టంలో ఎక్కడా లేదు. ఆపడానికి ఉన్న కారణాలు వేరే: కావాలని చేసిన పనివల్లో నిర్లక్ష్యంవల్లో కంపెనీ ఆస్తికి నష్టం జరిగి అందుకు ఉద్యోగం తీసేస్తే ఆ నష్టం మేరకు కోత పెట్టొచ్చు, కొట్లాట, హింస లాంటివాటికో, డ్యూటీలో ఉండగా నైతికంగా నీచమైన నేరం చేసినందుకో తీసేస్తే కొంతగానీ మొత్తంగానీ ఆపొచ్చు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి నేరం విషయంలో క్రిమినల్ కోర్టు శిక్ష పడి ఉండాల్సిన పనిలేదని కూడా చెప్పింది, కాబట్టి ఇది ఓనర్ల చేతిలో కొంచెం బలపడిన ఆయుధమే. అయినా మిమ్మల్ని ఆయన తీసెయ్యలేదు, మీరు రిజైన్ చేశారు. ఆ తేడానే మీ కవచం, అందుకే రిజైన్ చేసినట్టు రుజువు చాలా ముఖ్యం. మెయిల్ పెట్టారా, వాట్సాప్‌లో పంపారా, కాగితం ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకున్నారా? నోటితో చెప్పి వచ్చేసి ఉంటే ఇవాళే ఒక మెయిల్ పెట్టండి, "ఫలానా తేదీన రాజీనామా చెప్పాను, ఫలానా తేదీ చివరి పనిదినం" అని. ఎందుకంటే కొన్నాళ్ళకి పాత తేదీతో "చెప్పకుండా పారిపోయాడు, ఎంక్వైరీ చేసి తీసేశాం" అనే ఫైలు పుట్టుకొస్తుంది, అలాంటివి ఎలా పుడతాయో నేను దగ్గర్నుంచి చూశాను.

ఇంకో మాట, గ్రాట్యుటీ డబ్బుని కోర్టు కూడా జప్తు చెయ్యలేదు, అంత రక్షణ ఉంది దానికి. మరి నోటీసు బాకీ, అడ్వాన్సు బాకీ అని అందులోంచి కోసుకోవడం ఎలా కుదురుతుంది? ఆయనకి రావాల్సింది ఉంటే వేరేగా వసూలు చేసుకోవాలి.

పటాన్‌చెరు వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు ఒకాయన నా దగ్గరికి వచ్చినప్పుడు కంపెనీ ఇంకో వాదన తెచ్చింది, "ఆఫర్ లెటర్‌లో సీటీసీలో (కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చులో) గ్రాట్యుటీ కలిపి చూపించాం, నెలనెలా ఇచ్చేసినట్టే" అని. జీతం స్లిప్పులు ముందు పెడితే అందులో గ్రాట్యుటీ పేరుతో ఒక్క రూపాయి లేదు. సీటీసీ కాగితం మీద అంకె రాస్తే ఇచ్చినట్టు కాదు. వాళ్ళు రెండో వాయిదాకే చెక్కు తెచ్చారు. మీ స్లిప్పుల్లో కూడా ఓసారి చూసుకోండి.

ప్రొసీజర్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. గ్రాట్యుటీ అడుగుతూ అప్లికేషన్ రాయండి, చేరిన తేదీ, మానేసిన తేదీ, చివరి జీతం, లెక్క, బ్యాంకు అకౌంటు నంబరు, అంతే. పాత చట్టంలో దీనికి ఫారం ఐ ఉండేది, ఆ నమూనాలో రాసినా సరిపోతుంది. మానేసిన 30 రోజుల్లో పెట్టమంటారు, ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు. స్పీడ్ పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు కాబట్టి రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కావాలని కౌంటర్‌లో అడిగి తీసుకోండి. ఇవ్వాల్సిన రోజు నుంచి 30 రోజుల్లో ఆయన డబ్బు కట్టాలి, కట్టకపోతే ఆలస్యానికి వడ్డీ కూడా. అప్పటికీ ఉలుకూపలుకూ లేకపోతే మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర కేసు వెయ్యాలి. మీ పరిధి ఏ ఆఫీసో తెలియకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే చెప్తారు. కంపెనీకి వేరే రాష్ట్రాల్లో బ్రాంచీలుంటే మాత్రం అది సెంట్రల్ లేబర్ ఆఫీసు పరిధిలోకి వెళ్తుంది, ఇది ముందే చూసుకోకపోతే కొన్ని నెలలు తిరిగాక "ఇక్కడ కాదు" అంటారు. ఆర్డరు మీకు అనుకూలంగా వచ్చాక ఓనర్ అప్పీల్‌కి పోవాలంటే ముందు ఆ మొత్తం డబ్బు డిపాజిట్ చెయ్యాలి. అందుకే చిన్న యూనిట్ల వాళ్ళు చాలామంది అక్కడిదాకా పోరు.

ఇక పీఎఫ్. "పీఎఫ్ ఫారం మీద సంతకం పెట్టను" అనేది పాతకాలపు బెదిరింపు, ఇప్పుడు దానికి పళ్ళు లేవు. మీ యూఏఎన్‌కి (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఆధార్, పాన్, బ్యాంకు లింకై ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు. మానేసిన తేదీ ఆయన ఎక్కించకపోతే, చివరి కాంట్రిబ్యూషన్ పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే ఎక్కించుకోవచ్చు. కొత్త కంపెనీలో చేరే తేదీ, ఇక్కడ మానేసిన తేదీ ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోండి, తర్వాత క్లెయిము రిజెక్టు అయ్యేది ఎక్కువగా దీనివల్లే.

ముందు పాస్‌బుక్ తెరవండి. నెలనెలా పడిందా లేదా చూడండి. బేసిక్ 13,000 మీద మీ వాటా 12 శాతం అంటే 1,560, ఆయన వాటా కూడా అంతే, ఆయన కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది. ఏ నెలదైనా మరుసటి నెల 15లోపు కట్టాలి. స్లిప్పులో కోసి పాస్‌బుక్‌లో పడకపోతే అది మామూలు బాకీ కాదు, నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అయ్యే వ్యవహారం, ఈపీఎఫ్ఓ వాళ్ళు వడ్డీ, పెనాల్టీ కూడా వేస్తారు. చర్లపల్లిలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఏడాదికి పైగా కోసి కట్టలేదు, ఒక్కడు అడిగితే "నీ ఒక్కడికే కదా, చూద్దాంలే" అన్నారు, పదిమంది కలిసి స్లిప్పులూ పాస్‌బుక్ ప్రింట్లూ పక్కపక్కన పెట్టి ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఎక్కించాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. డబ్బు పడటానికి ఏడాది పట్టింది అనుకోండి, కానీ పడింది.

ఆయన వాటా కూడా మీ జీతంలోంచే కోస్తున్నాడేమో చూడండి. చేతికొచ్చే జీతంలోంచి రెండు వాటాలూ కోయడం చట్టం ఒప్పుకోదు.

పీఎఫ్ మొత్తం డ్రా చేసేద్దామనుకుంటున్నట్టు కింద ఎవరికో రాశారు, నా సలహా అయితే వద్దు. నెల పెన్షన్ రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. మీకు 6 ఏళ్ళ 8 నెలలు అయిపోయింది, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే ఇంకో మూడేళ్ళ పైచిలుకుతో పదేళ్ళు నిండుతాయి. పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే మళ్ళీ మొదటి మెట్టు నుంచి. అక్కచెల్లెళ్ళ పెళ్ళి, ఆస్పత్రి ఖర్చు లాంటిది ఉంటే వేరే మాట, బైక్ కోసం మాత్రం తియ్యకండి.

సర్టిఫికెట్ల సంగతి. ఒరిజినల్స్ తాకట్టు పెట్టుకునే హక్కు ఏ యజమానికీ ఏ లేబర్ చట్టమూ ఇవ్వలేదు. చేరేటప్పుడు మీరే ఇష్టపడి ఇచ్చారని అంటారు, ఇచ్చినా సరే, అడిగినప్పుడు తిరిగివ్వాలి. ఇచ్చినప్పుడు రసీదు తీసుకుని ఉండరు, ఎవరూ తీసుకోరు. అందుకే ముందు మెసేజ్ పెట్టండి, "నా ఐటీఐ ఒరిజినల్, టెన్త్ మెమో మీ ఆఫీసులో ఉన్నాయి, ఎప్పుడు వచ్చి తీసుకోమంటారు" అని మర్యాదగా. "నోటీసు డబ్బు కట్టాక ఇస్తాం" అని ఆయన జవాబిచ్చాడంటే సర్టిఫికెట్లు తన దగ్గరున్నాయని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆ చాట్ డిలీట్ అవ్వకుండా ఫోన్ జాగ్రత్త, కేసులో పెట్టాలంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డుకి ఒక సర్టిఫికెట్ జతచెయ్యాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే సరిపోదు. పోలీస్ స్టేషన్‌కి పోతే మామూలుగా "ఇది సివిల్ మ్యాటర్, మీరూ మీరూ చూసుకోండి" అంటారు. నా అనుభవంలో లేబర్ ఆఫీసు నుంచి జాయింట్ మీటింగ్‌కి నోటీసు పోయాక సర్టిఫికెట్లు వాటంతటవే బయటికొస్తాయి, ఓనర్‌కి వాటితో పనేముంది. ఈలోపు కొత్త ఉద్యోగం ఆగకుండా డిజిలాకర్‌లో ఏవి దొరుకుతాయో చూసి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇప్పుడు మీకు నచ్చని భాగం. నోటీసు విషయంలో తప్పు మీ వైపే ఉంది. సంతకం పెట్టిన లెటర్‌లో నెల అని ఉంటే నెల ఇవ్వాలి, లేదా దాని బదులు డబ్బు కట్టాలి. మీ బదులు ఆ మెషిన్ మీద వేరే మనిషిని పెట్టుకోవడానికి ఆయనకి టైమ్ కావాలి కదా, ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఎంత అనేది లెటర్‌లో వాక్యాన్ని బట్టి ఉంటుంది. గ్రాస్ జీతం అని రాసి ఉంటే 23 రోజులకి 23,000 దాకా అవుతుంది, బేసిక్ అని ఉంటే పదివేల లోపు. తేడా చూశారా, అందుకే లెటర్ బయటికి తియ్యండి. అసలు నోటీసు లైనే లేకపోతేనో, ఉన్నా కంపెనీ వాళ్ళే "రేపట్నుంచి రావద్దులే" అని ఉంటేనో కథ మారిపోతుంది. ఆ రోజు సూపర్‌వైజర్ ఏమన్నాడో గుర్తు తెచ్చుకోండి. ఎలాగూ ఒక నెల జీతంలోంచి అన్ని కోతలూ కలిపి సగానికి మించకూడదు.

ట్రైనింగ్ బాండ్ (ఇన్నేళ్ళలోపు మానేస్తే ఇంత కట్టాలని రాయించుకునే ఒప్పందం) మీద కూడా చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. బాండ్లు అన్నీ చెల్లవు అనేది వాట్సాప్ న్యాయం. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన మూడేళ్ళు, రెండు లక్షల బాండుని సమర్థించింది. ప్రైవేటు షెడ్డులో వారం రోజులు మెషిన్ చూపించి లక్ష రూపాయల బాండు రాయించుకుంటే అది నిలబడటం కష్టం, ఎందుకంటే అడిగే మొత్తం సబబుగా ఉండాలి, నిజంగా జరిగిన ఖర్చు చూపించగలగాలి. రెండింటికీ మధ్యలో ఉన్నవన్నీ కోర్టు చూసి చెప్పాల్సినవే.

మీకు రావాల్సినవాటిలో మీరు అడగడం మర్చిపోయినవి రెండున్నాయి. ఒకటి వాడుకోని ఎర్న్‌డ్ లీవ్. ఫ్యాక్టరీలో ప్రతి 20 పనిదినాలకి ఒక రోజు జమవుతుంది, మానేసినప్పుడు మిగిలినవాటికి డబ్బు కట్టాలి. రెండోది బోనస్, ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న యూనిట్‌లో వేతనం 21,000 లోపు ఉండి ఆ ఏడాది 30 రోజులు పనిచేస్తే చాలు కనీసం 8.33 శాతం బోనస్‌కి అర్హత ఉంది, మధ్యలో మానేసినా పనిచేసిన నెలలకి వస్తుంది. మీ 20 రోజుల జీతం సంగతికొస్తే, కొత్త వేతనాల కోడ్ ప్రకారం రిజైన్ చేసినవాళ్ళకి రెండు పనిదినాల్లో వేతనం ఇచ్చెయ్యాలి. ఇవన్నీ ఒక కాగితం మీద ఒక వైపు, నోటీసు కోత ఇంకో వైపు రాసి చూడండి, ఎవరు ఎవరికి బాకీయో తేలిపోతుంది.

బాకీ లేదన్న ఆ కాగితం గురించి. ఇంట్లో డబ్బు మరీ ఇబ్బందిగా ఉంటే జీతం తీసుకోవడం తప్పు కాదు. కానీ సంతకం పక్కన "20 రోజుల జీతం మాత్రమే ముట్టింది, గ్రాట్యుటీ, లీవు, బోనస్ రావాలి" అని మీ చేత్తో రాసి ఫోటో తీసుకోండి. రాయనివ్వకపోతే సంతకం వద్దు. ఒకవేళ ఇదివరకే పెట్టేసి ఉన్నా అయిపోయిందని కూర్చోకండి, ఒప్పందం ఏదైనా సరే చట్టం ఇచ్చిన గ్రాట్యుటీని తియ్యలేదు, నేను చూసిన కేసుల్లో ఆ కాగితం వాదనకి పనికొచ్చిందేగానీ గ్రాట్యుటీని పూర్తిగా ఆపింది లేదు.

మీ వైపు నుంచి చెయ్యాల్సినవి కూడా చేసెయ్యండి, రేపు ఆఫీసర్ ముందు ఇవే అడుగుతారు. గేట్ పాస్, యూనిఫాం, టూల్స్ ఉంటే తిరిగిచ్చి లిస్టు మీద సంతకం తీసుకోండి. అడ్వాన్సు తీసుకుని ఉంటే ఎంతో మీరే ఒప్పుకోండి, దాస్తే మిగతా మాటలు కూడా నమ్మరు. మౌల్డు డ్రాయింగులు, సెట్టింగుల ఫోటోలు ఫోన్‌లో ఉంటే కొత్త కంపెనీలో చూపించే పని పెట్టుకోవద్దు. ఒక సూపర్‌వైజర్ తన డబ్బు ఇవ్వలేదన్న కోపంలో మెషిన్ ప్రోగ్రాం చెరిపేసి వచ్చాడు, గ్రాట్యుటీ కేసు పక్కకి పోయి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడమే సరిపోయింది అతనికి.

లాయర్ ఫీజు భయం ఉంటే, కార్మికులకి ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అప్లై చెయ్యొచ్చు, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. గ్రాట్యుటీ కేసుకైతే కాగితాలు సరిగ్గా ఉంటే లాయర్ లేకుండా కూడా నడుపుకోవచ్చు, నడుపుకున్నవాళ్ళని చూశాను.

కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్ళు కింద అడుగుతున్నారు, వాళ్ళ సంగతి కొంచెం చిక్కు. జీతం కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు కంపెనీ ఇవ్వాలి, అంతవరకు స్పష్టమే. గ్రాట్యుటీకి మాత్రం కాంట్రాక్టర్ మారినప్పుడల్లా సర్వీసు మళ్ళీ సున్నా నుంచి లెక్కేయాలని చూస్తారు, అదే గేటు, అదే డ్యూటీ అయినా. ఒక సెక్యూరిటీ గార్డు కేసులో ముగ్గురు కాంట్రాక్టర్ల పేర్లు పీఎఫ్ పాస్‌బుక్‌లో ఒక్క నెల గ్యాప్ లేకుండా వరసగా ఉండటం, సర్వీసు ఆగలేదని చూపించడానికి చాలా ఉపయోగపడింది. మీ పరిస్థితి అదైతే విడిగా ప్రశ్న పెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ గజిబిజి అవుతాయి.

మీరు మాత్రం మూడు విషయాలు రాయండి: లెటర్‌లో నోటీసు లైను ఉన్నదున్నట్టు, రిజైన్ ఎలా ఇచ్చారు, పాస్‌బుక్‌లో చివరిగా పడిన నెల ఏది. పేర్లు, నంబర్లు కొట్టేసి ఫోటో పెట్టినా సరే. నోటీసు లైను చూశాక అప్లికేషన్‌లో ఏ అంకె రాయాలో లెక్కేసి చెప్తాను.